మయన్మార్ చేతిపనులు కొనొచ్చా? డబ్బు ఎవరికి చేరుతుంది?

సింధు:
మయన్మార్‌లోని బగాన్‌లో చేసిన లక్క గిన్నెల సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. కొంటే కష్టాల్లో ఉన్న చేతిపనివాళ్లకు ఆసరా అవుతుందట. కానీ 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్న దేశమది. కొనమంటారా, మానుకోమంటారా?

రవికిరణ్:
మానుకోండి. 2022 ఏప్రిల్‌లో అక్కడి సెంట్రల్ బ్యాంకు, బయటి నుంచి వచ్చిన డాలర్లను ఒక్క రోజులో అక్కడి కరెన్సీ అయిన క్యాట్‌లుగా మార్చి తీరాలంది. అదీ బజారు రేటుకు కాదు, తాను పెట్టిన రేటుకు. తర్వాత కొంత సడలించారు, అంతే. ఊళ్ల మీద బాంబులేసే సైన్యం విమానాలకు ఇంధనం దిగుమతి చేసుకోవాలంటే డాలర్లే కావాలి.

పద్మావతి:
రవికిరణ్ గారూ, ఆ ఆదేశం నిజమే. కానీ జేడ్ అనే పచ్చరాయి, కెంపులు, టేకుతో లక్క గిన్నెను ఒకే గాటన కట్టకండి. 2021లో అమెరికా ఆంక్షలు పెట్టింది ప్రభుత్వ రత్నాల సంస్థ మీద, కలప సంస్థ మీద. అది సబబే. లక్క పని జరిగేది బగాన్ దగ్గరి మ్యింకబా లాంటి ఊళ్లలో, ఇళ్ల దగ్గర. వెదురు చీల్చి గిన్నె అల్లుతారు, మరీ పల్చటి పనికి గుర్రపు వెంట్రుకలు కలుపుతారు. దానిమీద తిత్సీ చెట్టు పాలు పూసి నేలమాళిగలో ఆరనిస్తారు. (మన ఏటికొప్పాక లక్క పురుగుది, ఇది చెట్టుది.) ఆరాక అరగదీసి మళ్లీ పూత. ఇలా పూత మీద పూత వేసి, బొమ్మ చెక్కి, రంగు నింపేసరికి మంచి గిన్నెకు నెలలు పడుతుంది.

ఆ ఊళ్లు బతికింది పర్యాటకుల మీద. 2020లో కోవిడ్, మరుసటి ఏడే సైన్యం కుట్ర. 2024లో నిర్బంధ సైనిక సేవ మొదలయ్యాక కుర్రాళ్లెందరో థాయ్‌లాండ్ దారి పట్టారు. మనం గిన్నె కొనకపోయినంత మాత్రాన సైన్యం గద్దె దిగదు, పని నేర్చుకునే పిల్లలు మాత్రం మిగలరు. మా పెద్దలు 1960లలో రంగూన్ వదిలి విశాఖ చేరిన కాందిశీకులు. ఆ దేశపు జనాన్నీ పాలకులనూ వేరుగా చూడటం మా ఇంట్లోనే నేర్చుకున్నాను.

మల్లేశం, పోచంపల్లి:
మంచిగ చెప్పినవ్ అక్కా. కని షాపుల చీర ఎంతకు అమ్మినా నేసినోనికి కూలే వస్తది. నెలలు పట్టే పనికి ముందుగాల పైసలు ఇస్తున్నరా, అమ్ముడువోయినంక ఇస్తున్నరా? సింధు గారు గిది అడగాలె. చేసిన ఊరు పేరు చెప్పలేనోని దగ్గర కొనొద్దు.

రవికిరణ్:
మల్లేశం అన్నా, అడగాల్సిన ప్రశ్నే. అయినా నా మాట మారదు. థాయ్ సరిహద్దు శిబిరాల్లో మయన్మార్ నుంచి వచ్చిన కరెన్ తెగ శరణార్థి మహిళలు నడుముకు కట్టుకునే మగ్గం మీద సంచులు, గుడ్డలు నేస్తున్నారు. ఆ డబ్బు మయన్మార్ బ్యాంకు గడప తొక్కదు. ముందు అవి కొనండి.

పద్మావతి:
అవీ కొనండి. కానీ మయన్మార్‌లోని ఇన్లే సరస్సులో తామర తూళ్ల నుంచి దారం తీసి నేసేవాళ్లు శిబిరానికి ఎలా వస్తారు? తామర అక్కడే ఉంది. 2025 మార్చి 28 భూకంపానికి సరస్సు మీది ఇళ్లెన్నో నీళ్లలోకి కూలిపోయాయి. ఇల్లు తిరిగి నిలబెట్టుకోవడానికి వాళ్లకు తెలిసిన పని ఆ నేతే.

సింధు:
అమ్మేవాళ్లకు రాశాను: చేసిన ఊరేది, పనివాళ్లకు ముందుగా బయానా ఇస్తారా, డబ్బు ఏ దారిన పంపుతారు అని. ఈ మూడింటికీ సూటిగా జవాబిస్తే కొంటాను. లేదంటే కరెన్ సంచులే.