జపాన్, కొరియాల్లో బడి అయ్యాక చిన్నపిల్లలకు ఇంగ్లీషు: 15 నిమిషాల డెమోలో ఏం పెట్టాలి?

మారతహళ్లి_బీఎడ్

నమస్కారమండీ. బెంగళూరులో మూడు, నాలుగు తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. బీఏ ఇంగ్లీషు, బీఎడ్ ఆంధ్రాలో చేశాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. జపాన్‌లోనో కొరియాలోనో ప్రైమరీ పిల్లలకు బడి వదిలాక సాయంత్రం పూట నడిచే ఇంగ్లీషు క్లాసుల్లో చేరాలని చూస్తున్నాను. జపాన్‌లోని ఒక ప్రైవేటు సంస్థ 15 నిమిషాల డెమో వీడియో పంపమంది. ఎదురుగా ఒకటి, రెండు తరగతుల పిల్లలు 18 మంది ఉన్నారనుకుని చెప్పాలట.

పదిహేను నిమిషాల్లో ఎంత పాఠం పెట్టాలి? మన ఉచ్చారణలో ముందుగా దిద్దుకోవలసింది ఏది? తెలుగు మీడియం చదువు వీసాకు అడ్డమా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

అడయార్_పాఠం

వీసా సంగతి ముందు తేల్చుకోండి. అది కుదరకపోతే డెమో ఎంత బాగున్నా లాభం లేదు.

జపాన్‌లో ప్రభుత్వ బడుల్లో అసిస్టెంట్ టీచర్ పనికి ఇచ్చే హోదా (వీసా రకం) వేరు, ప్రైవేటు సంస్థల్లో భాష నేర్పేందుకు ఇచ్చే హోదా వేరు. బడి పనికి ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ హోదాకు డిగ్రీతో పాటు 12 ఏళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివిన రుజువు అడుగుతారు. మీకు అక్కడ ఇబ్బంది. ఇంటర్ నుంచి బీఎడ్ దాకా అన్నీ ఇంగ్లీషు మీడియమే అయినా పన్నెండు పూర్తి కావడం కష్టం. సాయంత్రపు క్లాసులు నడిపే ప్రైవేటు సంస్థలు ఎక్కువగా రెండో హోదా మీద తీసుకుంటాయి. ఆ హోదాకు డిగ్రీ ప్రధానం. అయినా ఆ 12 ఏళ్ల లెక్కను సంస్థలు తమ నియమంగా పెట్టుకోవడం మామూలే. కాబట్టి వీడియో తీయకముందే ఒక మెయిల్ పెట్టి అడగండి: ఏ హోదా మీద తీసుకుంటారు, మీడియం సర్టిఫికెట్లు కావాలా అని. మీ కాలేజీల నుంచి మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఇంకో మాట. ఒక హోదా మీద వెళ్లి సాయంత్రం వేరేచోట రెండో రకం పని చేయాలంటే ఇమిగ్రేషన్ నుంచి విడిగా అనుమతి ఉండాలి.

కొరియాలో ఇంగ్లీషు టీచర్లకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాలవారికే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మనకు 2010 జనవరి నుంచి అమల్లో ఉన్న సెపా అనే భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం ద్వారా ఒక దారి ఉంది. ఇంగ్లీషు డిగ్రీ, టీచర్ అర్హత ఉన్న భారతీయులు బడుల్లో అసిస్టెంట్ టీచర్లుగా వెళ్లవచ్చు. మీ బీఏ, బీఎడ్ సరిగ్గా దానికి పనికొస్తాయి. హాగ్వాన్ అనే ప్రైవేటు ట్యూషన్ సెంటర్లకు మాత్రం ఈ దారి వర్తించదు. పల్లె బడుల్లో సాయంత్రం క్లాసుల కోసమే 2008లో మొదలైన టాక్ అనే ప్రభుత్వ పథకం గురించి నెట్‌లో ఇంకా పేజీలు కనిపిస్తాయి. ఆ పథకం ఇప్పుడు లేదు, వాటి వెంట పడకండి.

కొరియాకు డిగ్రీ మీద, పోలీస్ క్లియరెన్స్ మీద అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ఇచ్చే అధికారిక ముద్ర) ఉండాలి. మీ డిగ్రీ ఆంధ్రాలో ఇచ్చినది కాబట్టి రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ ఆంధ్రాలోనే జరగాలి, కర్ణాటకలో కాదు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఆ తర్వాతే విదేశాంగ శాఖ అపోస్టిల్. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా తీసుకోండి, ఫీజు 500 రూపాయలు. స్థానిక పోలీస్ స్టేషన్ ఇచ్చే కాగితం చాలదు.

ఏజెంటు ఎవరైనా "టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్పిస్తాం" అంటే అక్కడితో మాట ఆపేయండి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. వాళ్లు తీసుకోగల సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడగకూడదు.

---

బలపం_పలక

డెమో సంగతి నేను చెబుతాను.

పదిహేను నిమిషాలకు నాలుగే మాటలు, ఒకే వాక్యం. అంతే. డెమోల్లో ఎక్కువమంది దెబ్బతినేది పది మాటలు, రంగులు, అంకెలు, పాట అన్నీ కుక్కేయడం వల్ల. చూసేవాళ్లు మీకు ఎంత వచ్చో చూడరు. ఒక్కో పిల్లవాడు ఎన్నిసార్లు నోరు విప్పుతాడో లెక్కేస్తారు.

చేతులతో, కాళ్లతో చేసి చూపించగల మాటలు ఎంచుకోండి: జంప్, స్విమ్, రన్, స్లీప్. వాక్యం "ఐ కెన్ జంప్". బడిలో రోజంతా కూర్చుని వచ్చిన పిల్లలను మళ్లీ కూర్చోబెట్టి మొదలుపెడితే మూడో నిమిషానికే బల్ల కిందకు జారతారు. మొదట లేవనివ్వాలి.

మొదటి నిమిషం హలో, పేరు. తర్వాత మూడు నిమిషాలు మీరు చెప్పండి, వాళ్లు చేస్తారు. పిల్లలను మాట్లాడమని అసలు అడగొద్దు. విన్నది ఒంటికి పట్టాక నోటికి వస్తుంది. ఏడో నిమిషం దాకా బొమ్మ కార్డులు. కార్డు ముందు తెల్ల కాగితం పెట్టి మెల్లగా పక్కకు జరపండి, వాళ్లే ఊహించి అరుస్తారు. ఏడు నుంచి పదకొండు దాకా ఆట. రెండు నిమిషాలు జంటలుగా ఒకరికొకరు చెప్పుకోవడం. చివరి రెండు నిమిషాల్లో తలుపు దగ్గర వరుస: ఒక్కొక్కరు ఒక వాక్యం చెప్పి బయటికి. మనిషికి ఐదు సెకన్లు వేసుకున్నా 18 మందికి 90 సెకన్లు, సరిపోతుంది. ఈ తలుపు దగ్గర వాక్యం డెమోలో తప్పక పెట్టండి. ప్రతి పిల్లవాడినీ ఒక్కసారైనా విడిగా వింటారని దానితో తెలుస్తుంది.

ఆట ఎంపికలో జాగ్రత్త. తప్పు చెప్పినవాళ్లు కూర్చుండిపోయే ఆటలు వద్దు. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్లే ముందు కూర్చుంటారు, మిగతా సమయమంతా చూస్తూ ఉంటారు. ఈగలు కొట్టే బ్యాటుతో బోర్డు మీది కార్డు కొట్టే ఆట పిల్లలకు ప్రాణం. కానీ ఇద్దరు ఆడుతుంటే పదహారు మంది ఖాళీ. అందుకని కార్డు పేరు మీరు పిలవకండి, కూర్చున్న జట్టంతా కలిసి "ఐ కెన్ స్విమ్" అని అరిస్తేనే ముందున్న ఇద్దరూ కొట్టాలి. ఒక దెబ్బ కొట్టగానే బ్యాటు చేయి మారాలి. కార్డుల మధ్య రెండు జానల ఎడం ఉంచండి, లేకపోతే చేతులకు తగులుతుంది.

సూచనలు ఐదు మాటలు దాటకూడదు, ప్రతిదానికీ ఒక సైగ. "డూ యూ అండర్‌స్టాండ్?" అని అడగొద్దు. ఎవరిని అడిగినా ఎస్ అనే అంటారు. స్లీప్ కార్డు చూపించి "జంప్?" అనండి, నో అన్నారంటే అర్థమైందన్నమాట. ప్రశ్న వేశాక మూడు నాలుగు సెకన్లు ఆగండి. జపాన్ పిల్లల్లో ఒంటరిగా చేయి ఎత్తి చెప్పడానికి వెనకాడేవాళ్లు ఎక్కువ. ముందు జంటగా అనుకోనిచ్చి తర్వాత అడిగితే గొంతు వస్తుంది. ఎదురుగా పిల్లలు లేకపోయినా వీడియోలోనూ ఆ ఆగడం కనిపించాలి. కళ్లు ఒక్కోసారి ఒక్కో మూలకు తిప్పండి.

కెమెరా ఛాతీ ఎత్తున, రెండు మీటర్ల దూరంలో పెట్టండి. కార్డులు ఏ5 సైజు. మెరిసే లామినేషన్ మీద లైటు పడి బొమ్మ కనపడదు, వీడియోకు లామినేషన్ లేని మందపాటి అట్ట మేలు. కార్డు చెంప పక్కన పట్టుకోండి, నోటికి అడ్డం రాకూడదు. పెదాలు చూసే పిల్లలు నేర్చుకుంటారు.

---

మైలాపూర్_శబ్దం

ఉచ్చారణ గురించి. అమెరికా యాస తెచ్చిపెట్టుకోవద్దు. పది నిమిషాల్లో జారిపోతుంది, వినేవాళ్లకు తెలిసిపోతుంది. మన తెలుగువాళ్లం దిద్దుకోవలసినవి నాలుగే.

మాట చివర అచ్చు. "మిల్కు", "డెస్కు", "బస్సు" అనడం మనకు సహజం. జపాన్ పిల్లలూ "మిరుకు", "డెసుకు" అంటారు, కొరియా పిల్లలు "మిల్క్" చివర ఒక చిన్న ఉకారం లాంటిది చేరుస్తారు. అంటే వాళ్ల ఇబ్బంది, మనది ఒకటే. మీ నోట ఆ అచ్చు వినపడితే వాళ్ల అలవాటు గట్టిపడుతుంది. చప్పట్లతో దిద్దండి: మిల్క్‌కు ఒకే చప్పట. పిల్లలు మూడు కొడితే ఎక్కడ అచ్చు చేరిందో వాళ్లకే తెలుస్తుంది.

మాట మొదట్లో పీ, టీ, కే. మనం గాలి లేకుండా "పెన్" అంటాం. కొరియన్‌లో గాలితో పలికే ప, గాలి లేకుండా బిగించి పలికే ప వేర్వేరు అక్షరాలు, కాబట్టి వాళ్ల చెవికి మన పెన్ వేరే శబ్దంగా పడుతుంది. నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకోండి. పెన్ అనగానే కాగితం కదలాలి. "స్పూన్"లో మాత్రం కదలక్కర్లేదు.

వీ, డబ్ల్యూ తేడా. మన "వ" రెండింటికీ మధ్యలో ఉంటుంది. వ్యాన్‌కు పై పళ్లు కింది పెదవికి తగలాలి, వాటర్‌కు పెదాలు గుండ్రంగా చుట్టాలి, పళ్లు తగలకూడదు. అద్దం ముందు ఐదు నిమిషాల సాధన చాలు.

ఎగ్‌ను "యెగ్" అనడం, ఓన్లీని "వోన్లీ" అనడం. చిన్నదే, కానీ చెవి అనే ఇయర్, సంవత్సరం అనే ఇయర్ ఒకేలా వినపడి కలిసిపోతాయి. ఇవి కాక మాటలో ఊనిక ఎక్కడ పడుతుందో డిక్షనరీలో చూసుకోండి. బనానాలో మధ్య ముక్క మీద, హోటల్‌లో రెండో ముక్క మీద.

బలపం_పలక గారు చెప్పిన నాలుగు మాటల్లో రన్ ఉంది. జపాన్ పిల్లలకు ఆర్, ఎల్ రెండూ ఒకటే వినపడతాయి కాబట్టి డెమోలో దాని మీద ఆగిపోయే ప్రమాదం ఉంది. దాని బదులు కుక్ పెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం.

---

కోరమంగళ_అక్షరం

ఆటల గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ, ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆటలతోనే గడిచిన క్లాసు నుంచి పిల్లలు ఆర్నెల్లయినా ఒక్క మాట చదవలేకుండా బయటికొస్తారు. ఫీజు కట్టే తల్లిదండ్రులు అప్పుడు మానిపిస్తారు. డెమో తర్వాత పని దొరికితే ప్రతి క్లాసులో ఐదు నిమిషాలు శబ్దాలకు కేటాయించండి.

ఏబీసీడీ వరుసలో వెళ్లకండి. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ ఈ ఆరు ముందు నేర్పితే సిట్, పిన్, ట్యాప్, న్యాప్, టిన్ వెంటనే చదవగలరు. వారానికి రెండు శబ్దాలు మించొద్దు. చిన్న బీ, చిన్న డీ ఒకే వారంలో వద్దు, కనీసం మూడు వారాల తేడా ఉంచండి. అక్షరం పేరు తర్వాత, శబ్దం ముందు. మన బడుల్లోలాగా కలిపిరాత వద్దు, విడి అక్షరాలే. నాలుగు గీతల కాపీ పుస్తకం జపాన్‌లోనూ దొరుకుతుంది, అదే వాడండి.

ఇంగ్లీషు మాట కింద కతకానా అనే జపనీస్ లిపిలోనో హంగుల్ అనే కొరియన్ లిపిలోనో ఉచ్చారణ రాసుకోనివ్వకండి. ఇక కళ్లు దాని మీదే ఉంటాయి, పైనున్న ఇంగ్లీషును చూడరు. రాసుకున్న పిల్లవాడిని కోప్పడకుండా, ఆ మాటకు బొమ్మ గీయమనండి.

---

మారతహళ్లి_బీఎడ్

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. సంస్థకు మెయిల్ పెట్టాను, రన్ తీసేసి కుక్ పెట్టుకుంటున్నాను. ఇంకొక్కటి అడగాలి. వాళ్ల వివరాల్లో పిల్లలు ఒకేసారి రారు, ఒకటి నుంచి నాలుగు తరగతులవాళ్లు కలిసి ఉంటారని రాశారు. దాన్ని ఎలా నడపాలి?

---

బలపం_పలక

బడుల నుంచి వేర్వేరు వేళల్లో వదులుతారు కాబట్టి అది తప్పదు. తలుపు పక్కన ఒక ట్రే పెట్టండి. ముందు వచ్చినవాళ్లు అందులోంచి ఒక కాగితం తీసుకుని కూర్చుని మొదలుపెట్టాలి. అందులో కొత్తది ఏదీ ఉండకూడదు. కిందటి క్లాసు మాటలతో బొమ్మలు జతపరచడమో, చుక్కలు కలపడమో. మీ సాయం అక్కర్లేకుండా చేయగలిగితేనే అది పనిచేస్తుంది, లేకపోతే పది మంది మీ చుట్టూ మూగుతారు. ఎక్కువమంది రావడం పూర్తయ్యేదాకా కొత్త పాఠం మొదలుపెట్టకండి. మధ్యలో వచ్చినవాళ్ల కోసం మళ్లీ చెప్పడం మొదలుపెడితే ముందున్నవాళ్లు చెదిరిపోతారు.

తరగతుల తేడాకు పాఠం ఒకటే ఉంచి పని మార్చండి. అదే నాలుగు మాటలు: ఒకటో తరగతి చేసి చూపిస్తుంది, రెండు వాక్యం చెబుతుంది, మూడు, నాలుగు "కెన్ యూ స్విమ్?" అని అడిగి తిరిగి జవాబు రాస్తాయి. పెద్దవాళ్లను చిన్నవాళ్లకు టీచర్లుగా పెట్టడం రోజూ చేయకండి. వాళ్లూ నేర్చుకోవడానికే డబ్బు కట్టారు.

బహుమతిగా చాక్లెట్లు, బిస్కెట్లు వద్దు. అలెర్జీ ఉన్న పిల్లలు ఉంటారు, అనుమతి లేకుండా తినుబండారం పెడితే మాట వస్తుంది. స్టిక్కర్లు చాలు. ఇంకొకటి, మన దగ్గర సరదాగా చెవి మెలేసినా అక్కడ కుదరదు. జపాన్ బడుల్లో శారీరక శిక్షను 1947 నాటి పాఠశాల విద్యా చట్టమే నిషేధించింది, సాయంత్రం సంస్థలూ అదే పట్టింపుతో ఉంటాయి. గోల ఎక్కువైతే గొంతు పెంచకండి. చేయి పైకెత్తి ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టండి, ఒకటికి అందరి చేతులూ పైన ఉండాలి. మొదటి వారం ప్రతి క్లాసులో అల్లరి లేనప్పుడే రెండు మూడుసార్లు ఆటలా అలవాటు చేయించాలి. గోల మొదలయ్యాక నేర్పబోతే ఎక్కదు.

---

అడయార్_పాఠం

@మారతహళ్లి_బీఎడ్ మెయిల్‌కు జవాబు వచ్చేలోపు, చెన్నై రాగలిగితే ఏబీకే-ఏఓటీఎస్ దోసోకై అనే సంస్థలో జపనీస్ క్లాసుల వివరాలు కనుక్కోండి. పాఠం ఇంగ్లీషులోనే నడవాలి, నిజమే. కానీ ఒక పిల్లవాడు కడుపునొప్పి అన్నా, మూత్రానికి వెళ్లాలన్నా, పక్కవాడు కొట్టాడన్నా జపనీస్‌లోనే చెబుతాడు. అలాంటి ముప్పై మాటలు వెళ్లకముందే చెవికి తెలిసి ఉండాలి. ఇంటర్వ్యూలో "పిల్లవాడు ఏడిస్తే ఏం చేస్తారు" అని అడిగితే, ముందు వాడి ఎత్తుకు వంగి జపనీస్‌లో "ఎక్కడ నొప్పి" అని అడుగుతాను, వెంటనే అక్కడి స్టాఫ్‌ను పిలుస్తాను అని చెప్పండి.