రాత్రంతా తీసిన కొంగల రికార్డింగులు: వేవ్ ఉంచాలా, ఎమ్‌పీత్రీ చేసేయాలా?

ఇచ్ఛాపురం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా పక్కనున్న తేలుకుంచి ఊళ్లో వానాకాలం వచ్చేసరికి చిల్లుముక్కు కొంగలు చెట్ల నిండా గూళ్లు పెడతాయి కదా, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా ఆ సందడి రికార్డు చేస్తున్నాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో వేవ్ (శబ్దాన్ని ఏమీ కుదించకుండా ఉంచే ఫైలు). గంటకి 1 జీబీ పైమాటే, రాత్రికి 11 దాటిపోతోంది. ల్యాప్‌టాప్ నిండిపోయింది. హార్డ్ డిస్కు కొనమంటే మా నాన్న "కొంగల అరుపులకి డబ్బులేట్రా" అంటున్నాడు. అన్నీ సెకనుకి 128 కిలోబిట్ల ఎమ్‌పీత్రీ చేసేసి వేవ్‌లు తీసేద్దామా? ఇంకోటి, ఒక రాత్రి రికార్డింగు మూడు ముక్కలుగా వస్తోంది. రికార్డరు పాడైందంటారా?

నాగావళి గట్టు:
తమ్ముడూ, రికార్డరుకి ఏమీ కాలేదు. వేవ్ ఫైలు మొదట్లో తన సైజు తానే రాసుకునే చోటు 32 బిట్లే. 4 జీబీ దాటితే ఆ అంకె అందులో పట్టదు, అందుకే అక్కడ తెంపి కొత్త ఫైలు మొదలెడుతుంది. ఆడాసిటీ అనే శబ్దాలు ఎడిట్ చేసే ప్రోగ్రాములో మూడూ వరసగా అతికించుకో. మళ్లీ వేవ్‌గా దింపబోతే అదే 4 జీబీ అడ్డొస్తుంది, ఫ్లాక్‌గా (ఏమీ పోగొట్టకుండా కుదించే ఫైలు) దింపు.

128 ఎమ్‌పీత్రీ మాత్రం వద్దు. నువ్వు తీసేది మామూలు కూతలు కావు. ఆ కొంగ పెద్దదయ్యాక గొంతు పెద్దగా వాడదు, ముక్కు టకటకలాడిస్తుంది. ఎమ్‌పీత్రీకి సరిగ్గా అదే చేతకాదు. శబ్దాన్ని చిన్న చిన్న తునకలుగా తీసుకుని, ఒక్కో తునకలో కొంత వదిలేస్తుంది. అలా వచ్చిన లోపం తునకంతా పరుచుకుంటుంది. దాంతో 'టక్'కి ముందే సన్నగా 'స్స్' వినబడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, తెలుస్తుంది. పైగా 16 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని దాదాపు కోసేస్తుంది. వేవ్ తీసేశాక అవేవీ తిరిగి రావు.

ఫ్లాక్‌లో ఒక్క బిట్టూ పోదు, కావాలంటే మళ్లీ అచ్చంగా అదే వేవ్ వస్తుంది. కుదింపు లెవెల్ 5 పెట్టినా 8 పెట్టినా శబ్దం ఒకటే, 8కి టైమెక్కువ పడుతుంది.

పలాస జీడిపప్పు:
గురూ, 24 బిట్ ఎందుకసలు? 16కి దించేయ్. కింది 8 బిట్లలో ఉన్నదంతా మైకు హిస్సే. దాన్ని ఫ్లాక్ కూడా తగ్గించలేదు, ఊరికే చోటు దండగ.
ఫోన్లో వినడానికైతే ఓపస్ (ఎమ్‌పీత్రీ లాగే కొంత వదిలేసి కుదించే ఇంకో రకం ఫైలు) 96 కిలోబిట్లలో చేసుకో, గంటకి 43 ఎంబీ. నేను కళింగపట్నం అలల చప్పుడు అలాగే పెట్టుకుని పడుకుంటాను.

నాగావళి గట్టు:
ఓపస్ సంగతి ఒప్పుకుంటాను, వినే కాపీకి దాన్ని మించింది లేదు. 16 బిట్ దగ్గరే పేచీ. అలలు పెద్ద చప్పుడు, అక్కడ సరిపోతుంది. ఈ కుర్రాడు దూరంగా కూర్చుని రికార్డింగు లెవెల్ తగ్గించి తీస్తే, రేపు కొంగపిల్లల కీచుకీచులు వినడానికి బాగా పెంచాల్సొస్తుంది, 16లో అయితే దాంతోపాటు గరగరా పెరుగుతుంది. అసలు కాపీ 24లోనే ఉండనీ.

ఇచ్ఛాపురం కుర్రాడు:
మాస్టారూ, ఫ్లాక్ చేసి చూశాను. వాన లేని రాత్రి 11 జీబీ కాస్తా 5 చిల్లరకి దిగింది. జోరువాన పడిన రాత్రి మాత్రం 8 దగ్గరే ఆగిపోయింది. సెట్టింగులు రెండింటికీ ఒకటే. ఎందుకలాగ?

నాగావళి గట్టు:
వాన వల్లే. ఫ్లాక్ గడిచిన శబ్దాన్ని బట్టి రాబోయేది ఊహించి, ఆ ఊహకీ నిజానికీ తేడా మాత్రమే రాసుకుంటుంది. వాన చినుకుల్ని ఏ లెక్కా ఊహించలేదు, కాబట్టి తేడా పెద్దది, ఫైలూ పెద్దది. కుదింపు లెవెల్ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

వేవ్‌లు తీసేసే ముందు ప్రతి ఫ్లాక్‌నీ ఒకసారి టెస్టు చేయించు. అసలు శబ్దం తాలూకు ఎమ్‌డీ5 ముద్ర (ఆ శబ్దం నుంచి లెక్కగట్టిన గుర్తు) ఆ ఫైల్లోనే ఉంటుంది, సరిపోలిందో లేదో అదే చెబుతుంది. ఇక డిస్కు సంగతి నాన్నగారి దగ్గర మళ్లీ ఎత్తు. ఇప్పుడు సగం చోటే అడుగుతున్నావు కదా.