‘కలడో లేడో’ పద్యంలో ‘అందురు’, ఆ తరవాత వచ్చే ‘అట’

మిత్రులకు నమస్కారం. ఒక పద్యం గురించి అడగాలని, నాకు తోచింది చెప్పాలని రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా పై ఫ్లోర్‌లో ఉండే పాప ఆరో తరగతి. స్కూల్లో పద్యాల పోటీ ఉంది, గజేంద్రమోక్షం నుంచి నాలుగు పద్యాలు నేర్పమని వాళ్లమ్మ నా దగ్గరికి పంపింది. రెండో రోజు ఈ పద్యం చెప్పిస్తున్నాను.

కలడందురు దీనుల యెడ
కలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్నిదిశలను
కలడు కలండనెడివాడు కలడో లేడో

మూడుసార్లు చెప్పి పాప ఆగింది. “ఆంటీ, అంటే దేవుడు ఉన్నాడో లేడో అనేగా? అలా అనొచ్చా? పాపం రాదా?”

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

నాకు యాభై ఒకటి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో పూజగది నాదే. శ్రావణ శుక్రవారాలు, కార్తీక సోమవారాలు, ముక్కోటి, ఏదీ వదల్లేదు. రెండేళ్లుగా ఏదీ చేయడం లేదు. ఎవరి మీదా కోపం లేదు, పెద్ద కష్టమేదీ వచ్చి పడలేదు. ఒక శనివారం విష్ణు సహస్రనామం మొదటి నుంచి చివరిదాకా చదివి పుస్తకం మూశాను. చదివినంతసేపూ నా మనసు పిల్లాడి హాస్టల్ ఫీజు దగ్గరే ఉందని మూశాక గానీ తెలియలేదు. ఎన్నేళ్లుగా ఇలా చదువుతున్నానో అనిపించి భయం వేసింది. ఇప్పుడు పొద్దున్నే డాబా మీద అరగంట ఊరికే కూర్చుంటాను. మంత్రం లేదు, దీపం లేదు. ఒక్కోరోజు ఏమీ ఉండదు. ఒక్కోరోజు చాలా నిండుగా ఉంటుంది.

మా ఆడపడుచు అడిగింది, “నాస్తికురాలివి అయిపోయావా వదినా?” అని. కాదన్నాను. “మరేమిటి?” అంది. ఆ ‘ఏమిటి’కి నా దగ్గర మాట లేదు. ‘ఆధ్యాత్మికం’ అందామంటే, ఆ మాట పక్కన ఇప్పుడు ప్రవచనమో, యాత్రో, ఛానలో లేకుండా వినపడదు. అందుకే పాప ప్రశ్న నాకు సూటిగా తగిలింది.

ఇక పద్యం. చిన్నప్పుడు దీన్ని పూర్తిగా భక్తి పద్యంగానే వల్లించాను. ఇప్పుడు మొదట కంటికి కనపడింది ‘అందురు’. నాలుగు పాదాల కందంలో మూడుసార్లు ఉంది. ఎవరు అందురు? కర్త లేదు. దీనుల పక్కన ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. అంతా విన్న మాటే. నాలుగో పాదంలో మాత్రం ‘అందురు’ లేదు. ‘కలడో లేడో’ అన్నది ఏనుగు సొంత మాట.

దీనికి ముందు గజేంద్రుడు చేసిన స్తుతి వేరుగా ఉంటుంది. “ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై” అని మొదలవుతుంది, ఎంతో గంభీరంగా. సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో, అది గజేంద్రుడు పూర్వజన్మలో నేర్చుకున్న జపమని స్పష్టంగా చెప్పారు. అంటే కంఠస్థం వచ్చిన పాఠం. ‘కలడో లేడో’ అన్న సందేహం ఆ మూలంలో లేదు, అది మన పోతన పెట్టింది. నేర్చుకున్న స్తోత్రం ఒకవైపు, మొసలి నోట్లో కాలుండగా పుట్టిన మాట ఒకవైపు. నాకు రెండోదే ప్రార్థనలా వినిపిస్తోంది. తప్పైతే చెప్పండి.

ఒక వ్యాకరణ సందేహం కూడా ఉంది. ‘కలడు కలండనెడివాడు’ అంటే ‘ఉన్నాడు ఉన్నాడు అని చెప్పబడేవాడు’ అని అందరూ అర్థం చెబుతారు. ‘ఉన్నాడు ఉన్నాడు అని చెప్పేవాడు’ అని కూడా తీసుకోవచ్చా? తెలుగులో ‘అనే’కి రెండూ కుదురుతాయి కదా. అలా తీసుకుంటే ప్రశ్న దేవుడి మీద కాదు, ఇన్నాళ్లూ ఉన్నాడంటూ చదివిన నా మీదికి తిరుగుతుంది.

జవాబు (తెలుగు టీచరుగా రిటైరైన ఒక మేడంగారు): అమ్మా, మీ రెండో అర్థం ఇక్కడ కుదరదు. ముందు మూడు ‘కలడు’లూ దేవుడి గురించే. నాలుగోసారి వచ్చేవాడు కూడా ఆయనే కావాలి, లేకపోతే అన్వయం తెగిపోతుంది. మరో సంగతి, గజేంద్రుడు సందేహం దగ్గర ఆగిపోలేదు. వెంటనే వచ్చే సీసం చూడండి: “కలుగడే నాపాలి కలిమి సందేహింప గలిమిలేములు లేక గలుగువాడు”. ‘కలడు’, ‘కలిమి’ ఒకే ధాతువు. ఇప్పుడు మనకి ‘ప్రవేశం కలదు’ లాంటి బోర్డుల మీద తప్ప కనపడదు గానీ, పోతన దాంతో ఆడుకున్నాడు. ఆ తరవాత “లావొక్కింతయు లేదు” శార్దూలంలో “నీవే తప్ప ఇతఃపరం బెఱుగ” అని పూర్తిగా శరణు వేడాడు. ఇది ఆర్తి, నాస్తికం కాదు. సందేహం తీరిపోయింది.

నా జవాబు: మేడం, అన్వయం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నాకు ఇష్టమైనంత మాత్రాన అర్థం కుదరదు. ‘తీరిపోయింది’ అన్నదాన్ని మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. మీరు చెప్పిన శార్దూలం అయిపోయిన వెంటనే మళ్లీ కందం ఉంది.

వినుదట జీవుల మాటలు
చనుదట చనరాని చోట్ల శరణార్థుల కో
యనుదట పిలిచిన సర్వము
గనుదట సందేహమయ్యె కరుణావార్ధీ!

నీవే తప్ప ఎవరూ తెలియదని చెప్పిన తరవాత కూడా “సందేహమయ్యె” అంటున్నాడు. ‘అందురు’ పోయి ‘అట’ వచ్చింది, నాలుగుసార్లు. అదీ విన్న మాటే. తేడా ఒక్కటే ఉంది. మొదటి పద్యంలో దేవుడు ప్రథమ పురుషలో ఉన్నాడు: కలడు, లేడు. ఎవరి గురించో మాట్లాడినట్టు. ఇక్కడ వినుదువు, చనుదువు, కనుదువు. మధ్యమ పురుష. ‘నువ్వు వింటావట, నాకు మాత్రం అనుమానంగా ఉంది’ అని ఆయన మొహం మీదే అంటున్నాడు. సందేహం ఎక్కడికీ పోలేదు, అది చెప్పుకోవడానికి ఎదురుగా ఒకరు వచ్చారు. మా ఆడపడుచుకి ఇవ్వాల్సిన జవాబు ఈ రెండు కందాల మధ్య ఉందనిపిస్తోంది.

జవాబు (కరీంనగర్ నుంచి ఒకరు): అక్కా, మా అవ్వ రోజూ తూర్పుకి తిరిగి చేతులు జోడించేది. గుడికి పోయేది తక్కువ. ఒకసారి ఎందుకు మొక్కుతవే అని అడిగితే, “ఉన్నడట బిడ్డా. నేనైతే సూడలే. మొక్కుత గని” అన్నది. ఆ ‘అట’ని నేను ఇన్నాళ్లూ అమాయకత్వం అనుకున్నా. మీరు రాసింది చదివినంక అవ్వ మాట మళ్లీ గుర్తుకొచ్చింది.

నా జవాబు: తమ్ముడూ, మీ అవ్వ మాట నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. గుడి ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఇంకొక్కటి. ఏనుగు మొర విని బ్రహ్మాది దేవతలు ఊరకే ఉన్నారు. పోతన కారణం కూడా చెప్పాడు: “విశ్వమయత లేమి వినియు నూరక యుండి రంబుజాసనాదు లడ్డపడక”, అంటే అంతటా నిండి ఉండే గుణం వాళ్లకు లేదు కాబట్టి. మూలంలో ఇంకా విడమరిచి ఉంది. ఆ స్తుతిలో ఎవరి పేరూ, రూపమూ లేదు. తమ తమ పేర్ల మీద, రూపాల మీద అభిమానం ఉన్నవాళ్లు, ఆ పిలుపు తమని కాదనుకున్నారు. అంతటా నిండినవాడు కదిలాడు. పేరు లేని పిలుపుకి మన భాగవతంలోనే చోటుంది. ఇది చదివిన రోజు డాబా మీద నాకు చాలాసేపు ఏడుపొచ్చింది.

విష్ణువే కదా చివరికి వచ్చింది అని మేడంగారు అనొచ్చు. నిజమే. పోతన నమ్మకం పోతనది, దాన్ని నా వైపు లాక్కోను.

పాపకి నిన్న సాయంత్రం చెప్పాను, అలా అనొచ్చని, పాపం రాదని, గజేంద్రుడు అన్నాడని. నాలుగు పద్యాల్లో ఒకటి మార్చి ‘వినుదట’ కూడా చేర్చాం. ‘కలడో’ తరవాత చిన్న విరుపు ఇచ్చి, ‘లేడో’ దగ్గర రాగం సాగదీయకుండా ఆపమన్నాను. ‘అట’లు మాత్రం నేను నేర్పనక్కర్లేకపోయింది. అమ్మ బొమ్మ కొంటానని కొననప్పుడు అలిగి అడిగినట్టు, నాలుగూ అలాగే చెప్పింది. పోటీ శుక్రవారం. ఆ విరుపు ఛందస్సుకి అడ్డమనిపిస్తే మేడంగారు ఈలోగా చెప్పాలి, మార్పిస్తాను.