దూరపు కన్సోల్‌కు రాస్ప్‌బెర్రీ బోర్డు చాలునా, కన్సోల్ సర్వర్ కొనక తప్పదా?

తొమ్మిదివేలఆరువందలు:
మనుషులు ఉండని ఒక చిన్న గదిలో రెండు రౌటర్లు, మూడు స్విచ్‌లు, ఒక ఫైర్‌వాల్ ఉన్నాయి. వాటి బాధ్యత నాది. కిందటి నెల స్విచ్‌లో వీలాన్ (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్కులుగా పంచే అమరిక) మారుస్తూ, నేను ఏ పోర్టు గుండా లోపలికి వచ్చానో ఆ పోర్టునే తెంపుకున్నాను. కన్సోల్ (నెట్‌వర్క్ తెగినా యంత్రానికి నేరుగా ఆదేశాలిచ్చే సీరియల్ పోర్టు) కేబుల్ పట్టుకుని అక్కడికి చేరి రెండు లైన్లు సరిచేసేసరికి సగం రోజు పోయింది. ఇకమీదట ఆ అవస్థ రాకుండా, రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్లు తగిలించి, ఫోర్‌జీ మోడెం మీద వైర్‌గార్డ్ టన్నెల్ (గుప్తీకరించిన వీపీఎన్ దారి) పెట్టి, కన్సోల్‌లన్నిటినీ దూరం నుంచి అందుకోవాలని అనుకుంటున్నాను. దీన్ని నమ్ముకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాత్రివిధి:
కన్సోల్ సర్వర్, అంటే చాలా కన్సోల్‌లను ఒకచోట కలిపి దూరం నుంచి అందించే పెట్టె, కొనండి. కన్సోల్ అవసరం పడేది మిగతా దారులన్నీ మూసుకుపోయిన రోజునే. ఆ రోజు కోసం మెమరీ కార్డు మీద నడిచే బోర్డును పెట్టుకోవడం సరికాదు. కార్డులోకి రాత సాగుతుండగా కరెంటు పోతే ఫైల్‌సిస్టం చెడిపోయి బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. ఆ పనికోసమే తయారైన పెట్టెలో పోర్టులు వరుసగా కనిపిస్తాయి, చాలావాటికి రెండు పవర్ సప్లయ్‌లు ఉంటాయి, కొత్తగా వచ్చినవారికి కూడా చూడగానే అర్థమవుతుంది.

చిన్నబోర్డు:
కార్డు సమస్యకు మందు ఎప్పుడో వచ్చింది. బోర్డు సెట్టింగుల ప్రోగ్రాం రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్‌సిస్టం ఆన్ చేస్తే రాతలన్నీ ర్యామ్‌లోకి పోతాయి, కార్డును చదవడం తప్ప తాకడం ఉండదు. నేను ఇలాంటివి నాలుగు పెట్టాను; మొదటిది ఆరేళ్లుగా నడుస్తోంది.

జాగ్రత్త పడవలసింది మరోచోట. అడాప్టర్లకు టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 అని వచ్చే పేర్లు, అవి కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రాం) కంటబడిన వరుసను బట్టి వచ్చేవి. రీబూట్ తరువాత సున్నా ఒకటి కావచ్చు, మీరు స్విచ్ అనుకుని ఫైర్‌వాల్‌లో ఆదేశం కొట్టవచ్చు. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న అడాప్టర్లకు సాధారణంగా ఒక్కొక్కదానికి వేరు సీరియల్ నంబర్ ఉంటుంది కాబట్టి, లినక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్‌కు నియమం రాసి స్థిరమైన పేరు పెట్టుకోవచ్చు. చవకరకం సీహెచ్340 అడాప్టర్లలో చాలావరకు ఆ నంబర్ ఉండదు. అప్పుడు ఏ యూఎస్‌బీ పోర్టులో గుచ్చారో దాన్ని బట్టి పేరు పెట్టాలి. ఆపైన కన్‌సర్వర్ ప్రోగ్రాం పెడితే, ఎవరూ చూడకపోయినా ప్రతి కన్సోల్ నుంచి వచ్చే ప్రతి అక్షరమూ లాగ్‌లో పడుతుంది. తెల్లవారుజామున కెర్నల్ ప్యానిక్ అయి (కెర్నల్ కోలుకోలేని లోపంతో ఆగిపోయి) తనంతట తానే రీబూట్ అయిన ఒక సర్వర్, పడిపోయే ముందు ఏమి ముద్రించిందో నాకు తెలిసింది ఆ లాగ్ వల్లనే.

మూడుతీగలు:
ఎవరైనా యూఎస్‌బీ వద్దనుకుని బోర్డు మీది 8, 10 పిన్నులు వాడబోతే ఒక్క మాట. అవి 3.3 వోల్టుల పిన్నులు. కన్సోల్ పోర్టులు వాడే ఆర్‌ఎస్-232 సీరియల్ ప్రమాణం తీగ మీద ప్లస్, మైనస్ 15 వోల్టుల దాకా ఉండవచ్చు. మధ్యలో వోల్టేజీని మార్చే మ్యాక్స్3232 వంటి చిప్ లేకుండా కలిపితే బోర్డు కాలిపోగలదు.

పాతకేబుల్:
చిన్నబోర్డు గారూ, రాతలన్నీ ర్యామ్‌లోకి పోతే, కరెంటు పోగానే మీ కన్‌సర్వర్ లాగ్ కూడా పోదా?

చిన్నబోర్డు:
పోతుంది. అందుకే లాగ్ ఒక్కటి విడిగా యూఎస్‌బీ డ్రైవ్‌లో రాస్తున్నాను. అది చెడిపోయినా బోర్డు లేస్తుంది.

రాత్రివిధి:
ఒక మందుకు ఇంకో మందు. నా అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఒక చోట గేట్‌వే కన్సోల్‌కు ఇలాంటి బోర్డు పిన్నులనే, తగిన చిప్ పెట్టి, కలిపారు. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, రెండూ ఒకేసారి లేచాయి. గేట్‌వేలో యూ-బూట్ (యంత్రాన్ని బూట్ చేసే తొలి ప్రోగ్రాం), ఏదైనా మీట నొక్కితే ఆగుతానని సెకన్లు లెక్కపెడుతోంది. అదే సమయంలో మన బోర్డు తన బూట్ సందేశాలన్నిటినీ ఆ తీగ మీదికే పంపింది. వచ్చిన మొదటి అక్షరాన్ని మీట నొక్కినట్టుగా తీసుకుని యూ-బూట్ ఆగిపోయింది. బోర్డును చేరే దారి కూడా ఆ గేట్‌వే గుండానే ఉండటం వల్ల, తెల్లవారే దాకా ఎవరూ ఏమీ చేయలేకపోయారు. కాపలాకు పెట్టినదే తలుపు మూసింది.

చిన్నబోర్డు:
అది బోర్డు తప్పు కాదు, పెట్టినవారి తప్పు. బోర్డు బూట్ ఆప్షన్లుండే సీఎండీలైన్ ఫైలులో కన్సోల్ అంటే సీరియల్0, వేగం 115200 అని రాసి ఉన్న మాటను తీసేసి, ఆ పోర్టు మీద గెట్టీని (లాగిన్ అడిగే ప్రోగ్రాంను) ఆపితే, బోర్డు ఆ తీగ మీద నోరు మెదపదు. యూఎస్‌బీ అడాప్టర్ల మీదికి ఆ సందేశాలు అసలు వెళ్లవు, ఇక్కడ అడిగినవారు వాడబోయేది అవే. అంతగా చెప్పవలసివస్తే, ఆ పనికోసమే తయారైన టెర్మినల్ సర్వర్లలోనూ (కన్సోల్ సర్వర్లకు ఇంకో పేరు) కొన్ని, తాము ఆఫ్ అయి ఆన్ అయినప్పుడు తీగ మీద బ్రేక్ సంకేతం పంపి, సన్ స్పార్క్ సర్వర్లను, నడుస్తున్న పని ఆపించి, ఫర్మ్‌వేర్ ఓకే ప్రాంప్ట్ దగ్గర నిలబెట్టేవి. కొన్న పెట్టెకు ఈ జబ్బు రాదనడం చరిత్ర తెలియని మాట.

పాతకేబుల్:
ఓవర్‌లే విషయంలో ఇంకొకటి ఉంది. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఆఫ్ చేసే ముందు వేళను ఫైలులో రాసుకుని, లేచాక అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఓవర్‌లే ఆన్ చేస్తే ఆ ఫైలు మారదు, కాబట్టి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బోర్డు పాత తేదీకి వెళ్లిపోతుంది. వైర్‌గార్డ్ తన మొదటి పలకరింపులో వేళను కూడా పంపుతుంది. అవతలివైపు ఇంతకుముందు చూసిన వేళ కంటే అది పాతదైతే, ఎవరో పాత ప్యాకెట్‌ను తిరిగి పంపుతున్నారని భావించి పక్కన పడేస్తుంది. నెట్‌వర్క్ నుంచి వేళ తెచ్చే ఎన్‌టీపీ కూడా టన్నెల్ లోపలి నుంచే రావాలని పెట్టుకుంటే, వేళ లేక టన్నెల్ రాదు, టన్నెల్ లేక వేళ రాదు. బ్యాటరీ ఉన్న డీఎస్3231 గడియారం మాడ్యూల్ తగిలించండి, లేదా ఎన్‌టీపీని మోడెం గుండా నేరుగా వదలండి.

రాత్రివిధి:
చూశారా? కార్డును కాపాడబోతే గడియారం పోయింది, గడియారం పోతే టన్నెల్ పోయింది. ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

చిన్నబోర్డు:
నాకు గుర్తుంటాయి. రెండేళ్లపాటు ప్రతి బడ్జెట్‌లోనూ కన్సోల్ సర్వర్ అడిగాను, ప్రతిసారీ కొట్టేశారు. ఆ రెండేళ్లూ అర్ధరాత్రి లేచి బయలుదేరింది నేనే. లేని పెట్టె గొప్పతనం వినీ వినీ విసిగిపోయాను. సొంత చేతులతో ఒకటి కట్టుకున్నందుకు తప్పు చేసినట్టు మాట్లాడితే ఊరుకోలేను.

రాత్రివిధి:
మీకు గుర్తుంటాయి, నాకు అదే భయం. నేను చెప్పిన ఆ బోర్డును కట్టినవారు ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. పాస్‌వర్డ్ ఎక్కడా రాసి లేదు, ఏ తీగ ఏ యంత్రానిదో రాసి లేదు. తరువాత కార్డును విప్పి చూస్తే ఒక కన్సోల్ మీద రూట్ (సర్వాధికారాల) లాగిన్ తెరిచే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) మూసినంత మాత్రాన సీరియల్ తీగ అవతలి లాగిన్ మూసుకోదు కదా. ఆయన సమర్థుడే, అందులో సందేహం లేదు. ఆయన లేని రాత్రి పిలుపు వచ్చింది మాత్రం నాకు. నా అభ్యంతరం బోర్డు మీద కాదు, ఒక్కరి తలలో మాత్రమే ఉండే ఏర్పాటు మీద.

చిన్నబోర్డు:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ అది కొన్న పెట్టెకూ వర్తిస్తుంది. ఫర్మ్‌వేర్ ఆగిపోయిన పాత కన్సోల్ సర్వర్ ఒకటి నా దగ్గర ఉండేది. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8, షా-1 అనే పాత పద్ధతితో చేసే ఆర్‌ఎస్‌ఏ డిజిటల్ సంతకాలను డిఫాల్టుగా నిలిపివేశాక, కొత్త ల్యాప్‌టాప్ నుంచి దానిలోకి వెళ్లడానికి ఏ ఆప్షన్ కలపాలో తెలిసింది కూడా ఒక్కరికే. బోర్డునైతే నేనే అప్‌డేట్ చేసుకోగలను.

రాత్రివిధి:
మళ్లీ "నేనే" అన్నారు.

తొమ్మిదివేలఆరువందలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న బోర్డును, స్విచ్‌లను కలిపి కరెంటు తీసి పెట్టి చూశాను. పాతకేబుల్ గారు చెప్పినట్టే టన్నెల్ రాలేదు. తేదీ నాలుగు నెలలు వెనక్కి వెళ్లింది. డీఎస్3231 తగిలించాక మూడుసార్లు తీసి పెట్టినా రెండు నిమిషాల్లోపు వచ్చింది. ప్రతి కేబుల్ రెండు కొనలకూ పేరు అంటించాను, పోర్టుల పట్టికను, లోపలికి వెళ్లే పద్ధతిని కాగితం మీద ముద్రించి రాక్ తలుపు లోపలివైపు అతికించాను. పాస్‌వర్డ్ మాత్రం సీలు చేసిన కవరులో వేరేచోట ఉంది.

రాత్రివిధి:
మంచి పని చేశారు. ఆ కాగితం చూసి, మీ సాయం లేకుండా, మీరు కాక ఇంకెవరైనా ఒక్కసారైనా లోపలికి వెళ్లి చూశారా?

తొమ్మిదివేలఆరువందలు:
ఇంకా లేదు. సోమవారం మా సహోద్యోగికి ఆ కాగితం ఇచ్చి, నేను పక్క గదిలో కూర్చుంటాను.