డిసెంబర్ 25: సూర్యుడి పండగ ముందా, క్రిస్మస్ ముందా?

రోమన్ చరిత్ర చదివినవాళ్లు కాస్త సాయం చేయండి. క్రీ.శ. 354 నాటి రోమ్ పంచాంగంలో డిసెంబర్ 25కి ఎదురుగా "ఎన్ ఇన్విక్టి", 30 రథప్పందేలు అని ఉంది. మామూలుగా పండగకు 24 పందేలే. "ఎన్" అంటే నటాలిస్, పుట్టినరోజు; "ఇన్విక్టి" అంటే అజేయుడిది, ఇది రోమన్లు సూర్యదేవుడికి వాడిన బిరుదు. సూర్యుడి పేరు మాత్రం అక్కడ రాయలేదు! అదే సంపుటంలోని అమరవీరుల జాబితా ఆ రోజే క్రీస్తు బేత్లెహేములో పుట్టాడంటుంది. దాని మూలం 336 నాటిది. రోమన్ చక్రవర్తి ఆరేలియన్ 274లో సూర్యుడికి గుడి కట్టించాడు నిజమే, దాన్నిబట్టి తేదీ తేలదు. రోమన్ల డిసెంబర్ పండగ సాటర్నేలియాను ఇందులోకి లాగొద్దు, అది 23కే ముగిసేది. క్రీస్తు గర్భంలో పడ్డాడని చెప్పే మార్చి 25కు తొమ్మిది నెలలు కలిపి పుట్టినరోజు తేల్చే లెక్కా చూశాను.

354కు ముందు డిసెంబర్ 25న సూర్యుడి పండగ జరిగినట్టు శాసనంగానీ మరో పంచాంగంగానీ ఉందా? ఉంటే అందులోని మాటలు, అది దొరికిన చోటు చెప్పండి.