చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చదువు నిజంగా ఎలా ఉంటుంది?

ప్రశ్న అడిగినవారు: అద్దంకి అన్న

నమస్కారం. మా చెల్లెలు ఈ సంవత్సరం ఎం.ఇ.సి.తో ఇంటర్ పూర్తి చేసింది. అర్థశాస్త్రంలో నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ చదవాలన్నది తన కోరిక. ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. అన్ని కోర్సులూ, అన్ని సంవత్సరాలూ కలిపినా అక్కడ ఉన్నది 900 మంది లోపే. ట్యూషన్ ఫీజు ఏడాదికి 3,20,000 రూపాయలు, అందులో 40 శాతం స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. హాస్టలుకీ మెస్సుకీ కలిపి మరో 1,40,000 కట్టాలి. అంటే నాలుగేళ్లకు మా చేతి నుంచి 13 లక్షల పైమాట. ఫీజు రీయింబర్స్‌మెంటు మాకు వర్తించదని వాళ్లే స్పష్టంగా చెప్పారు.

నాన్న రైతు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, డబ్బు సంగతి ఇద్దరం కలిసి ఎలాగో చూసుకోగలం. అయితే ఆ డబ్బుతో కొంటున్నది ఏమిటో మాకు తెలియడం లేదు. క్యాంపస్ చూపించినవాళ్లు గాజు గోడల గ్రంథాలయాన్నీ, బ్యాడ్మింటన్ కోర్టునూ చూపించారు. అక్కడ రోజు ఎలా గడుస్తుందో, చదువు ఎలా సాగుతుందో అడిగితే మాత్రం చిరునవ్వు నవ్వి కరపత్రం చేతిలో పెట్టారు. ఇలాంటి చిన్న విశ్వవిద్యాలయాలలో చదువుతున్నవారు, చదివి వెళ్లినవారు మీ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: మూడో సంవత్సరం విద్యార్థిని

మీరు చెప్పినలాంటి చోటనే నేను అర్థశాస్త్రం చదువుతున్నాను. పేరు మాత్రం చెప్పను. మా తరగతిలో ఉన్నది 19 మంది కాబట్టి, ఇక్కడ నాలుగు వాక్యాలు రాస్తే రాసింది ఎవరో మా ఆచార్యులు ఇట్టే పోల్చుకుంటారు. మీ ప్రశ్నకు సగం సమాధానం ఇందులోనే ఉంది.

ముందుగా మంచి సంగతి. మొదటి సెమిస్టర్‌లో గుంటూరు యార్డులో మిర్చి ధర ఎందుకు అంతగా ఊగిసలాడుతుందన్న దానిపై నేను ఒక వ్యాసం రాశాను. మా మేడమ్ దానిని మూడుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి అంకెలు ఎక్కడి నుంచి తెచ్చావని అడిగారు, రెండోసారి శీతల గిడ్డంగుల్లో నిల్వ ఉన్న సరుకు సంగతి ఎందుకు వదిలేశావని అడిగారు, మూడోసారి వాక్యాలు సరిదిద్దుకోమన్నారు. మా అక్క ఒక పట్టణంలో 70 మంది కూర్చునే తరగతిలో డిగ్రీ చదివింది. ఆ మూడేళ్లలో తను రాసినదాన్ని పూర్తిగా చదివిన అధ్యాపకుడు ఒక్కరూ లేరని ఇప్పటికీ అంటుంది. అది అధ్యాపకుల తప్పు కాదు, 70 వ్యాసాలను మూడేసిసార్లు దిద్దడం ఎవరి వల్లా కాదు. మీరు కడుతున్న డబ్బులో విలువైన భాగం ఏదైనా ఉంటే అది ఇదే.

ఇక రెండో వైపు. కరపత్రంలో మాకు ఇరవైకి పైగా ఐచ్ఛిక పాఠ్యాంశాలు కనిపించాయి. ఒక పాఠ్యాంశానికి కనీసం ఎనిమిది మంది పేర్లు నమోదు చేసుకోకపోతే దానిని ఆ సెమిస్టర్‌కు రద్దు చేస్తారన్న నియమం చేరిన తరువాత తెలిసింది. శ్రామిక అర్థశాస్త్రం చదవాలని నేను ఏరికోరి వచ్చాను. వరుసగా రెండు సెమిస్టర్లు ఏడుగురమే తేలాం, రెండుసార్లూ అది జరగలేదు, బదులుగా వేళ కుదిరిందన్న ఒక్క కారణంతో మార్కెటింగ్ చదివాను. అందుచేత కరపత్రాన్ని పక్కన పెట్టి, గడిచిన రెండు సెమిస్టర్లలో నిజంగా నడిచిన తరగతుల టైమ్‌టేబుల్ చూపించమని అడగండి.

మీ చెల్లెలి స్కాలర్‌షిప్ గురించి కూడా ఒక మాట. మాకు ఇచ్చిన స్కాలర్‌షిప్ తుమ్మితే ఊడిపోయే ముక్కు లాంటిది. ఏ సెమిస్టర్‌లోనైనా గ్రేడ్ల సగటు పదికి 8 కంటే తగ్గితే మరుసటి సంవత్సరం పూర్తి ఫీజు కట్టాలి. దానికి తోడు మా దగ్గర మార్కులకు గ్రేడ్లు ఒకరితో ఒకరిని పోల్చి ఇస్తారు. 19 మంది ఉన్న తరగతిలో పై గ్రేడ్లు ఎంతమందికి వస్తాయో మీరే లెక్క వేయండి. రాత్రి నాకు లెక్క నేర్పిన స్నేహితురాలు పొద్దున పరీక్షలో నన్ను దాటితే నా ఫీజు పెరుగుతుంది. ఇది స్నేహాలను ఏం చేస్తుందో బయటివారికి చెప్పినా అర్థం కాదు. మా బ్యాచ్‌లో నలుగురు మొదటి ఏడాదిలోనే స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు, వారిలో ఒకరు చదువే మానేసి వెళ్లిపోయారు.

చిన్న చోటు కాబట్టి అందరికీ అందరూ తెలుసు. గదిలో ఉన్న అమ్మాయితో సాయంత్రం మాటా మాటా అనుకుంటే రాత్రి భోజనాల వేళకు ఆ సంగతి మెస్సు అంతటా పాకిపోతుంది. ఒంట్లో బాగాలేక రెండు రోజులు తరగతికి వెళ్లకపోతే మూడో రోజు మేడమ్ కబురు పెట్టేదీ ఇక్కడే. ఒకటి కావాలనుకున్నప్పుడు రెండోదాన్ని కాదనలేం.

సమాధానం: 2024లో డిగ్రీ పూర్తి చేసినవాడు

నేను తెలంగాణలో చదివాను. అక్కడ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2018లో వచ్చింది, మొదటి అయిదింటికి 2020లో అనుమతి దొరికింది. ఆంధ్రప్రదేశ్ చట్టం 2016 నాటిది. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఈ సంస్థల్లో చాలావరకు ఇంకా పసివయసులోనే ఉన్నాయి. దీని ప్రభావం చదివేటప్పుడు కంటే ఉద్యోగం వెతికేటప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. మా ముందు బయటికి వెళ్లిన బ్యాచ్ ఒక్కటే. ఫలానా కంపెనీలో మా సీనియర్ ఉన్నాడు, ఫోన్ చేద్దాం అనుకునే వీలు మాకు లేకపోయింది.

ప్లేస్‌మెంట్ల విషయంలో ఒక సాదా లెక్క ఉంది. ఒకే రోజున 50 మందిని తీసుకుందామని బయలుదేరే కంపెనీ, మొత్తం 60 మంది ఉన్న బ్యాచ్ కోసం హైవే మీద అంత దూరం ప్రయాణించి రాదు. మా దగ్గరికి వచ్చినవి తక్కువ, నాకు ఉద్యోగం బయట ప్రయత్నిస్తేనే వచ్చింది. వాళ్లు చూపించే శాతాన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. 90 శాతం అంటే బ్యాచ్ మొత్తంలోనా, ప్లేస్‌మెంట్‌కు పేరు నమోదు చేసుకున్నవారిలోనా అని అడగాలి. మా బ్యాచ్‌లో పేరు నమోదు చేసుకున్నది సగం మందే.

గుర్తింపు గురించి మీరు అడగలేదు, అయినా ఇంట్లో పెద్దవాళ్లకు సందేహం ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఏర్పడిన ప్రైవేటు విశ్వవిద్యాలయానికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీలు ఇచ్చే అధికారం ఉంటుంది. యూజీసీ జాబితాలో ఆ చట్టం 2(ఎఫ్) సెక్షన్ కింద, అంటే విశ్వవిద్యాలయంగా, పేరు ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది. 12(బి) సెక్షన్ కింద గుర్తింపు లేదని కొందరు భయపెడతారు. అది కేంద్ర నిధులు పొందే అర్హతకు సంబంధించినది, మీ చెల్లెలి డిగ్రీ చెల్లుబాటుకు దానితో సంబంధం లేదు. ఇంత చెప్పినా, నా మొదటి ఉద్యోగంలో సర్టిఫికెట్లు పరిశీలించిన ఆయన మా విశ్వవిద్యాలయం పేరు ఎప్పుడూ వినలేదని నా ఫైలును పది రోజులు పక్కన పెట్టాడు, చివరికి ఆ జాబితా పేజీ నేనే పంపించాల్సి వచ్చింది.

పై విద్యార్థిని చెప్పిన ‘అందరికీ అందరూ తెలుసు’ అన్నది నాకు భారంగా అనిపించలేదు. ఎం.ఏ.కు దరఖాస్తు చేసినప్పుడు నా గురించి సిఫారసు లేఖ రాసిన ఆచార్యుడికి నేను ఏ పుస్తకం చదివి ఏ అభిప్రాయం మార్చుకున్నానో కూడా తెలుసు. అలాంటి లేఖ పెద్ద కళాశాలలో చదివిన నా స్నేహితులకు దొరకలేదు.

తిరిగి ప్రశ్న: అద్దంకి అన్న

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్కాలర్‌షిప్ షరతు గురించి మాకు ఎవరూ చెప్పలేదు. మరొక సందేహం. చెల్లెలు పదో తరగతి వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివింది. ఇంటర్ ఇంగ్లీషులోనే అయినా మాట్లాడటానికి జంకుతుంది. అంత చిన్న తరగతిలో నెగ్గుకురాగలదా? హాస్టల్ సంగతి కూడా తెలిసినవారు చెప్పండి.

సమాధానం: మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్

నాదీ తెలుగు మాధ్యమమే. మొదటి రెండు నెలలు నేను తరగతిలో నోరు విప్పలేదు. పెద్ద తరగతి అయితే వెనక బెంచీలో తలదాచుకోవచ్చు, ఇక్కడ అందరం గుండ్రంగా ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం, వెనక బెంచీ అన్నదే లేదు. చర్చలో మాట్లాడినందుకు 15 మార్కులు ఉంటాయి, అవి నాకు సున్నాకు దగ్గరగా వచ్చాయి. ఆ తరువాత మా సర్ ఒక ఉపాయం చెప్పారు. ప్రతి తరగతికీ ముందు రోజు రాత్రి ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని రమ్మన్నారు, తరగతి మొదట్లోనే నన్ను అడిగేవారు. నాలుగో నెలకు కాగితం లేకుండా అడగడం మొదలుపెట్టాను. వ్యాకరణం ఇప్పటికీ తప్పుతుంది, ఎవరూ పట్టించుకోరు.

భాష కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నా తోటివారిలో చాలామంది పెద్ద నగరాల్లోని ఖరీదైన బడుల నుంచి వచ్చారు. పుట్టినరోజు అంటే పట్టణంలో హోటలుకు వెళ్లడం, సెలవులంటే కొండప్రాంతాలకు ప్రయాణం. మూడుసార్లు రానని చెబితే నాలుగోసారి పిలవరు. అందులో కావాలని చేసింది ఏమీ లేదు, కానీ తొమ్మిది వందల మందిలో నాలాంటివాళ్లను వెతుక్కోవడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది. ఇప్పుడు ఆరుగురం ఉన్నాం, ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి సీసా మా మధ్య ఉమ్మడి ఆస్తి.

హాస్టల్ నుంచి బయటికి వెళ్లాలంటే ఇంటివారి ఫోనుకు సందేశం వెళ్లి, వారు ఒప్పుకున్నాకే ఔట్‌పాస్ ఇస్తారు. శనివారం పట్టణానికి రెండు బస్సులు ఉంటాయి, తిరిగి వచ్చే బస్సు తప్పిపోతే ఆటోకు 400 రూపాయలు. క్యాంపస్‌లో నర్సు ఎప్పుడూ ఉంటారు కానీ డాక్టర్ వారానికి రెండు రోజులే వస్తారు. రాత్రి పూట అవసరం పడితే వాహనం ఉందా, డ్రైవర్ క్యాంపస్‌లోనే పడుకుంటాడా అన్నది తప్పకుండా కనుక్కోండి. మాకు ఒకసారి వాహనం ఉంది, డ్రైవర్ లేడు.

సమాధానం: పాత అధ్యాపకుడు

నేను విద్యార్థుల్లో ఒకణ్ని కాను, ఇలాంటి ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు పాఠం చెప్పి బయటికి వచ్చినవాణ్ని. పైన పిల్లలు చెప్పినవన్నీ నిజమే. అయితే వారికి లోపలి నుంచి కనిపించనిది ఒకటి ఉంది. చిన్న విశ్వవిద్యాలయానికి ప్రాణం అధ్యాపకులే, వారిలో చాలామంది మూడేళ్ల ఒప్పందం మీద వచ్చిన యువకులు. అయిదుగురు ఉన్న విభాగం నుంచి ఒకే వేసవిలో ఇద్దరు వెళ్లిపోతే, ఆ శాస్త్రంలో దాదాపు సగం వారితోనే వెళ్లిపోయినట్టు. నేను వచ్చేసినప్పుడు నా దగ్గర పరిశోధన వ్యాసం రాస్తున్న ఇద్దరు విద్యార్థులను వేరే శాఖ ఆచార్యుడికి అప్పగించారు, ఆ అపరాధభావం నాకు ఇంకా ఉంది. అందుచేత విభాగంలో ఎంతమంది ఉన్నారన్నది కాకుండా, మూడేళ్లకు మించి ఉన్నవారు ఎంతమంది అని అడగండి.

నాలుగో సంవత్సరం గురించి ఒక వివరం. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన విధానం ప్రకారం 120 క్రెడిట్లతో (పాఠ్యాంశాలు పూర్తి చేసినందుకు వచ్చే పాయింట్లు) మూడేళ్లకు డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, 160 క్రెడిట్లు పూర్తి చేస్తే ఆనర్స్. పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి. కాబట్టి 13 లక్షల లెక్కను మూడేళ్లకు ఒకటి, నాలుగేళ్లకు ఒకటి విడివిడిగా వేసుకోండి. స్కాలర్‌షిప్ పోతే ఎంతవుతుందో కూడా వేసుకోండి.

చేరాక మనసు మారితే డబ్బు తిరిగి రాదని కొన్ని చోట్ల చెబుతారు, అది సరికాదు. 2018 నాటి యూజీసీ ప్రకటన ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే స్వల్ప ఖర్చులు మినహా మొత్తం ఫీజు, ఆ పైన చివరి తేదీ లోపు అయితే 90 శాతం, ఆ తేదీ దాటిన 15 రోజుల లోపు 80 శాతం, 30 రోజుల లోపు 50 శాతం తిరిగి ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకునే అధికారం కూడా వారికి లేదు, చూసి వెంటనే ఇచ్చేయాలి.

చివరగా, ఎవరూ వెంట లేకుండా ఒక మామూలు పనిరోజున వెళ్లి, ఒక తరగతిలో కూర్చోనివ్వమని అడగండి.

తిరిగి: అద్దంకి అన్న

బుధవారం వెళ్లి వచ్చాం. మొదట కాదన్నా చివరికి రెండో సంవత్సరం తరగతిలో చెల్లెలిని కూర్చోనిచ్చారు. ఉపాధి హామీ కూలి గురించి చర్చ జరుగుతుంటే, కూలి డబ్బు ఖాతాలో పడటానికి మా ఊళ్లో ఎన్ని రోజులు పడుతుందో తను తెలుగులోనే చెప్పిందట, పక్కనున్న అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో అందరికీ చెప్పింది. బస్సులో తిరిగి వస్తూ దారి పొడవునా అదే మాట. అర్థశాస్త్రంలో ఏడుగురు అధ్యాపకులు ఉన్నారు, నలుగురు మూడేళ్లు దాటినవారు. గత సెమిస్టర్ల టైమ్‌టేబుల్ చూపించారు. అంబులెన్స్ డ్రైవర్ క్యాంపస్‌లోనే ఉంటున్నాడు. స్కాలర్‌షిప్ నిలవాలంటే 7.5 ఉండాలని, ఒకసారి తగ్గితే ఒక సెమిస్టర్ గడువు ఇస్తామని నోటిమాటగా చెప్పారు. అదే మాట రాసి పంపమన్నాను. ఆ ఉత్తరం చేతికి వచ్చాకే మొదటి విడత కడదామని నాన్న అన్నారు.

సమాధానం: మూడో సంవత్సరం విద్యార్థిని

ఉత్తరం వచ్చినప్పుడు ఆ 7.5 అన్నది ఏ సెమిస్టర్‌కు ఆ సెమిస్టర్ సగటా, మొదటి నుంచి లెక్కించిన మొత్తం సగటా అన్నది రాసి ఉందో లేదో చూడండి. మా బ్యాచ్‌లో పోగొట్టుకున్న నలుగురిలో ఇద్దరికి మొత్తం సగటు సరిగ్గానే ఉంది.