క్లాసిక్ 350 మీద హైదరాబాద్ నుంచి లేహ్: బయల్దేరే ముందు బండికి ఏమేం చేయించాలి?

రోడ్డుగాలి (ప్రశ్న)

2022 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, స్పోక్ వీల్స్, ట్యూబ్ టైర్లు, ఇప్పటిదాకా 18,400 కి.మీ. తిరిగింది. జూలై మొదటి వారంలో నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ, మనాలీ మీదుగా లేహ్ వెళ్లి అదే దారిలో తిరిగి రావాలి. ఇద్దరం, రెండు బండ్లు, వెనక ఎవరూ కూర్చోరు. సామాను ఒక్కో బండికి 20 కిలోల లోపే.

చైన్ సెట్ ఇప్పుడే మార్చేయాలా, ఇంకా లాగించొచ్చా? ట్యూబ్ టైర్లతో నడుస్తుందా, ట్యూబ్‌లెస్ టైర్ల కోసం అల్లాయ్ వీల్స్ వేయించాలా? పెట్రోలు క్యాన్ ఎన్ని లీటర్లది? లిస్టులు చాలా చూశాను, ఒకదానికొకటి పొంతన లేదు. ఎందుకో కూడా చెప్పండి.

స్పానర్14

చైన్ సంగతి కిలోమీటర్లు చూసి తేల్చకండి. వెనక స్ప్రాకెట్‌కి (చైన్ తిరిగే పళ్ల చక్రం) బండి తోక వైపు అంచున చైన్‌ని రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగండి. పన్ను సగానికి పైగా బయటపడితే చైన్ సాగిపోయినట్టే. పళ్లు కొక్కెంలా ఒక పక్కకి వంగినా అంతే. మార్చేటట్టయితే రెండు స్ప్రాకెట్లూ చైనూ కలిపే మార్చండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే దాన్నీ తొందరగా తినేస్తాయి. రానూపోనూ 5,000 కి.మీ. పైమాటే, కాబట్టి అనుమానంగా ఉంటే మార్చేయడమే. కానీ బయల్దేరే ముందురోజు వద్దు. కొత్త చైన్ మొదట్లో కాస్త వదులవుతుంది, ఒక 500 కి.మీ. తిప్పి మళ్లీ బిగించుకోవాలి.

బిగించేటప్పుడు చక్రం మెల్లగా తిప్పుతూ, చైన్ ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడ కొలవండి. మాన్యువల్‌లో ఇచ్చిన కొలతలో వదులు వైపు అంచుకి పెట్టండి. సామాను బరువుకి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) ఆడినప్పుడు బిగుతు చైన్ ఇంకా బిర్రబిగిసి గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. 500 కి.మీ.కి ఒకసారి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే, బండి ఆపగానే వేడి చైన్‌కి 90 నంబర్ గేర్ ఆయిల్ బ్రష్‌తో రాయండి. పొద్దున్నే బయల్దేరేముందు రాస్తే సగం రిమ్ము మీదకే చిమ్ముతుంది.

అల్లాయ్ ఇప్పుడు దండగ. ఆ డబ్బులో పదో వంతుతో ట్యూబ్ మార్చడం నేర్చుకోవచ్చు. మీ పంక్చర్ షాపు అతనికి ఓ రెండొందలిచ్చి, ఆయన చూస్తుండగా వెనక చక్రం మీరే విప్పి ట్యూబ్ మార్చి బిగించండి. కంపెనీ టూల్ కిట్ చాలుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. చక్రం బయట ఉన్నంతసేపు బ్రేక్ పెడల్ తొక్కకూడదు, బ్రేక్ పిస్టన్లు బయటికొచ్చి డిస్క్ మళ్లీ దూరదు. బ్రేక్ ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి.

కొత్త ట్యూబ్ చిరిగేది ఎక్కువగా ఆఖరి జానెడు టైర్ ఎక్కించేటప్పుడే, టైర్ లివర్ (టైర్ ఎక్కించే ఇనుప పట్టీ) కింద నలిగి. అందుకే ట్యూబ్‌లో ముందే కొంచెం గాలి పట్టించి, పౌడర్ చల్లి, లివర్ పెట్టే చోటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న టైర్ అంచుని మోకాలితో రిమ్ము మధ్య గుంటలోకి తొక్కిపెట్టండి. అప్పుడు బలం అక్కర్లేకుండా ఎక్కుతుంది. వాల్వ్ నట్టుని రిమ్ముకి బిగించొద్దు, పైకి క్యాప్ దగ్గరికి తిప్పేయండి. ట్యూబ్ లోపల జరిగితే వాల్వ్ పక్కకి వాలి కనిపిస్తుంది. రిమ్ముకి బిగిస్తే కనబడదు, వాల్వ్ ట్యూబ్‌కి అతికిన చోట తెగుతుంది.

ముందు 19, వెనక 18 సైజు ట్యూబులు ఒక్కొక్కటి, టైర్ లివర్లు రెండు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గాలి పంపు వెంట పెట్టుకోండి. సీలెంట్ ద్రవం ట్యూబ్ టైర్లో నమ్ముకోకండి. మేకు ట్యూబ్‌ని చీల్చేస్తే అది ఆపలేదు, పైగా ఆ జిగట మీద ప్యాచ్ అంటదు.

కొండదారి

పై జవాబుకి నావి కొన్ని.

పెట్రోలు: మనాలీ దాటాక, కేలాంగ్‌కి ముందు తాండి బంకు దగ్గర, తరువాతి బంకు 365 కి.మీ. అని బోర్డే ఉంటుంది. మీ ట్యాంకు 13 లీటర్లు. ఘాట్లలో లీటరుకి 30 అనుకుంటే 390, అంటే చేతిలో మిగిలేది 25 కి.మీ. దారి మూసేసి వెనక్కి రావాల్సొస్తే ఆ లెక్క తప్పుతుంది. బండికి 5 లీటర్ల గట్టి క్యాన్ ఒకటి చాలు. మైదానంలో ఖాళీగా మోసుకెళ్లి మనాలీ దాటాక నింపండి. కూల్‌డ్రింక్ బాటిళ్లలో వద్దు, ఎండకి ఉబ్బి మూత దగ్గర కారతాయి.

బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లయితే డాట్ 4 కొత్తది పోయించండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, మరిగే వేడి తగ్గిపోతుంది. పొడుగాటి దిగుడులో బ్రేకులు పట్టుకునే దిగితే లోపల ఆవిరి పుట్టి బ్రేక్ లివర్ మెత్తగా దిగిపోతుంది. ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి.

టైర్ గాలి గురించి చాలామంది తికమక పడతారు. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు, బయటి గాలి ఒత్తిడి హైదరాబాద్ కంటే 4 పీఎస్‌ఐ పైనే తక్కువ, కాబట్టి గేజ్ ఆ మేరకు ఎక్కువ చూపించాలి. కానీ చలికి లోపలి గాలి కుంచించుకుపోయి పొద్దున్నే దాదాపు మామూలుగానే చూపిస్తుంది. మధ్యాహ్నం టైర్ వేడెక్కినప్పుడు ఎక్కువుందని వదిలేయకండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే చూసి సరిచేయండి.

నాలాలు (రోడ్డుకి అడ్డంగా పారే కొండవాగులు) పొద్దున్నే దాటేయాలి. ఎండెక్కి మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి నీళ్లు పెరుగుతాయి. ఉదయం బూటు తడిపిన నాలా సాయంత్రానికి సైలెన్సర్ దాకా రావచ్చు. రాత్రి బస సర్చూలో వద్దు, దాదాపు 4,300 మీటర్లు. అంతకు ముందే జిస్పాలో, 3,200 దగ్గర పడుకోండి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా ఎక్కకుండా దిగిపోవాలి. డయమాక్స్ (ఎత్తు పడక వచ్చే జబ్బుకి మాత్ర) డాక్టర్ని అడిగే వేసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లకు అది ప్రమాదం.

అటల్ టన్నెల్లో వెళ్తే పర్మిట్ అక్కర్లేదు, రోహ్‌తాంగ్ పాస్ మీదుగా అయితే కావాలి. ఇద్దరిలో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉండాలి, మన ప్రీపెయిడ్ లడఖ్‌లో పని చేయదు.

రోడ్డుగాలి

చాలా థ్యాంక్స్ అన్నలూ. చైన్ లాగి చూశా, పన్ను ముప్పాతిక బయటికొచ్చింది, మార్పిస్తున్నా. ఇంకొకటి: ఢిల్లీ దాకా బండ్లు రైల్లో వేస్తే?

స్పానర్14

రానూపోనూ కొన్ని రోజులు, 3,000 కి.మీ. మిగులుతాయి. సెలవులు తక్కువైతే అదే మేలు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, ఆర్సీ జిరాక్స్, ఐడీ పట్టుకెళ్లాలి. మీ టికెట్ మీద లగేజీగా బుక్ చేస్తే అదే రైల్లో ఎక్కే అవకాశం ఎక్కువ, పార్సిల్ అయితే ఒకటి రెండు రోజులు ముందే పంపండి. అద్దాలు విప్పేసి బ్యాగులో పెట్టుకోండి. బ్రేక్, క్లచ్ లివర్లకీ ట్యాంకుకీ అట్ట, గోనెసంచి దగ్గరుండి కట్టించండి. క్లచ్ లివర్ ఒకటి స్పేర్ పెట్టుకోండి, దించేటప్పుడు ముందు వంగేది అదే.